తేటనీరు, బాటసారి: దక్షిణ పినాకిని తీరపు చరిత్రలో ఒక అధ్యాయం

ఒక నది చరిత్ర రాసేవారు సాధారణంగా మూడు విషయాలు చెబుతారు. అది ఎక్కడ పుట్టింది, ఎవరి పొలాలు తడిపింది, ఎవరెవరి మధ్య తగవు పెట్టింది. ఆ నీరు ఎంత తేటగా ఉండేదన్న ప్రశ్న అరుదుగా వస్తుంది. కారణం లేకపోలేదు. ప్రభుత్వాల దస్తరాలు నీటిని అడుగుల్లో, క్యూసెక్కుల్లో కొలిచాయి. తేటను కొలిచే గడి ఆ పట్టికల్లో చాలాకాలం లేదు. అయినా దానికి మరో రకం సాక్ష్యం ఉంది. ఏటి ఒడ్డుకు ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు, నీళ్ళలో దిగారా, గట్టునే నిలబడి చూసిపోయారా అన్నదే ఆ సాక్ష్యం. హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో దక్షిణ పినాకినికి సంబంధించి ఈ సాక్ష్యాన్ని పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం. మద్రాసులోనో, బెంగుళూరులోనో, ఇంకా దూరాననో తెలుగు చదువుకుంటున్న విద్యార్థులకు ఇది పరాయి ఏటి కథ కాదు. ఎందువల్ల కాదో చివరికి తేలుతుంది.

ఏరు, నాడు

పినాకినులు రెండు. రెండూ కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలోనే పుట్టాయి. ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, హిందూపురం, అనంతపురం, కడప సీమలు దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆంధ్ర విద్యార్థికి పాఠ్యపుస్తకాల్లో తెలిసిన పినాకిని అదే. దక్షిణ పినాకిని మరో దారి పట్టింది. హొసకోట మీదుగా బెంగుళూరుకు తూర్పు పక్కగా దిగి, బాగలూరు సమీపంలోని కొడియాళం దగ్గర తమిళనాడులో అడుగుపెడుతుంది. అక్కడినుంచి హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి, తిరువణ్ణామలై సీమలు దాటి కడలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. తమిళులు దీనిని తెన్‌పెణ్ణై అనీ, పొన్నైయారు అనీ పిలుస్తారు.

ఈ ఏరు తమిళనాడులో ప్రవేశించే భాగాన్ని స్థానికులు మొరసునాడులో భాగంగా చెప్పుకుంటారు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే సంతలో వినిపించే సీమ ఇది. బేరిగై, బాగలూరు, శూలగిరి ఒకప్పుడు పాళెగాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊళ్ళు. 1792లో టిప్పుసుల్తానుతో జరిగిన శ్రీరంగపట్నం సంధి వల్ల బారామహలు కుంపిణీ వారి వశమయింది. 1799లో టిప్పు మరణం తరువాత హోసూరు ప్రాంతం కూడా వారికే దక్కింది. చిరకాలం సేలం జిల్లాలో ఉన్న ఈ సీమ 1956 రాష్ట్రాల పునర్విభజనలో మద్రాసు రాష్ట్రంలోనే నిలిచిపోయింది. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా ఏర్పడినప్పటినుంచి అందులో భాగం. సరిహద్దులు ఇన్నిసార్లు మారినా బేరిగై రైతు సరుకు వేసుకుని వెళ్ళే బాట మాలూరుకో, హోసూరుకో, బెంగుళూరుకో పోతూనే ఉంది. గులాబీలు, కూరగాయలు ఆ బాటన బెంగుళూరుకు ఎక్కి వెళతాయి. బెంగుళూరు వాడి విడిచిన నీరు ఏటి బాటన దిగి వస్తుంది. ఈ రెండు బాటల నడుమనే మన కథ నడుస్తుంది.

తేట అన్న మాట

తెలుగులో తేట అన్నది నీటికి పుట్టిన మాట. మడ్డి అడుగుకు దిగగా పైన నిలిచేది తేట. నీటినుంచి అది మాటకు పాకి తేటతెలుగు అయింది, అర్థానికి పాకి తేటతెల్లం అయింది. భాషకు ఇంత పెద్ద ఉపమానం ఇచ్చిన జాతి తేటనీటిని సంపాదించే ఉపాయాలు ఎరగకుండా ఉండదు. చిల్లగింజను కుండలోపల అరగదీసి నీళ్ళు పోస్తే మడ్డి పేరుకుని అడుగుకు దిగుతుంది. ఏరు ఎండినప్పుడు ఇసుకలో చెలమ తీస్తే జల్లెడ పట్టినట్టు తేటనీరు ఊరుతుంది. ఇసుకే ఆ ఏటి వడపోత యంత్రం. ఏటిలో ఇసుక ఉన్నంతకాలమే చెలమ అన్న మాటకు పని. ఇసుక లారీలకెక్కిన ఏళ్ళలో చెలమ కూడా నిఘంటువుకు తరలిపోయింది.

ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. పాతకాలపు జనం ఏరు ఎల్లవేళలా అద్దంలా ఉండాలని కోరుకోలేదు. దక్షిణ పినాకిని జీవనది కాదు, వానల మీద ఆధారపడిన ఏరు. తొలివానలకు ఎర్రగా పొంగి, కార్తీకం నాటికి తేరుకుని, ఎండాకాలానికి ఇసుకలో దాగిపోవటం దాని స్వభావం. ఎర్రనీటిని చూసి ఎవరూ ముక్కు మూసుకోలేదు. కొత్తనీరు వచ్చిందని పసుపు కుంకుమలతో ఎదురువెళ్ళారు. మన్ను కలిసిన నీరు వేరు, మురికి కలిసిన నీరు వేరు. మొదటిది కొన్నాళ్ళకు తనంతట తేటపడుతుంది, రెండవది పడదు. అంతేకాదు, కంటికి తేటగా ఉన్న నీరంతా శుభ్రమైనదీ కాదు, సూక్ష్మక్రిములు కంటికి కనబడవు. నదికి వచ్చే మనిషి మాత్రం ప్రయోగశాల నివేదిక చదివి రాడు. రంగు చూసి, వాసన చూసి నిర్ణయించుకుంటాడు. పర్యాటకం విషయంలో తీర్పరి ఆ కన్నూ, ఆ ముక్కే.

మునక కోసం వచ్చినవారు

ఈ ఏటికి తొలి పర్యాటకుడు తీర్థయాత్రికుడు. మనవారు చూడటానికి పోయే చోటును క్షేత్రం అన్నారు, మునగటానికి పోయే చోటును తీర్థం అన్నారు. రెండవదానికి నీరే దేవుడు.

కృష్ణగిరి దాటి కొంతదూరం ప్రవహించాక ఊత్తంగరై ప్రాంతంలో ఏటి ఒడ్డున హనుమతీర్థం ఉంది. దగ్గరలోని తీర్థమలతో కలిపి స్థలపురాణం ఒక కథ చెబుతుంది. రాముడి పూజకు హనుమంతుడు గంగాజలం తేవటం ఆలస్యమయింది. రాముడు బాణం వేసి కొండనుంచే నీరు రప్పించాడు. ఆలస్యంగా వచ్చిన హనుమంతుడు చిన్నబుచ్చుకుని తాను తెచ్చిన పాత్ర విసిరివేస్తే అది పడినచోట హనుమతీర్థం వెలసింది. ముందు ఇక్కడ మునిగి ఆ తరువాత కొండ ఎక్కి తీర్థమల స్వామిని దర్శించటం ఆచారం. ఆడినెల పద్దెనిమిదవ నాడు, అంటే ఆగస్టు మొదటి రోజుల్లో, కొత్తనీటి పండుగకు అక్కడ జనం గుమికూడుతారు. ఇంకా దిగువన విళుప్పురం, కడలూరు సీమల్లో సంక్రాంతి వెళ్ళిన తరువాత తైనెల అయిదవ నాడు ఏటి తిరునాళ్ళు జరుగుతాయి. చుట్టుపక్కల దేవుళ్ళు పల్లకీలెక్కి ఏటికి వస్తారు.

ఈ యాత్రలు పర్యాటకశాఖ పుట్టకముందే పర్యాటకం. వాటి వెంట బండ్లు తోలేవారు, పూలమ్మేవారు, మరమరాలూ బొరుగులూ అమ్మేవారు, తలనీలాలు తీసేవారు, వంటబ్రాహ్మణులు బతికారు. వీరందరి రాబడికీ మూలం ఒక్కటే. వచ్చినవాడు నీళ్ళలో దిగాలి. దిగినవాడే బట్ట మార్చుకుంటాడు, ఆకలిగొంటాడు, పూట నిలుస్తాడు. గట్టునుంచి చూసి వెళ్ళేవాడు నిలవడు.

చూడటానికి వచ్చినవారు

రెండవ తరం సందర్శకుడు అణెకట్టుతో వచ్చాడు. 1950లలో, కామరాజు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, కృష్ణగిరికి కొద్ది దూరంలో ఈ ఏటిమీద కృష్ణగిరి జలాశయ పథకం పూర్తయింది. దాని నిండు నీటిమట్టం 52 అడుగులు, ఆయకట్టు సుమారు 9,000 ఎకరాలు. అదే దశాబ్దంలో దిగువన తిరువణ్ణామలై జిల్లాలో సాత్తనూరు అణెకట్టు లేచింది. అణెకట్టులు ఆధునిక దేవాలయాలు అని జవహర్‌లాల్ నెహ్రూ అన్న కాలమది. దేవాలయానికి తోట ఉన్నట్టే అణెకట్టుకూ ఉద్యానం వేశారు. బడిపిల్లల విహారయాత్ర, కొత్తదంపతుల ఫొటో, ఆదివారం సద్దిమూట, గట్టు పక్కన చేపల వేపుడు దుకాణం, ఇవన్నీ ఆ కాలపు సృష్టి. ఈనాటికీ కృష్ణగిరి అణెకట్టు పేరు చెబితే చుట్టుపక్కలవారికి చేపల వేపుడే ముందు గుర్తుకు వస్తుంది.

హోసూరు పక్కన ఈ ఏటిమీదే కట్టిన కెలవరపల్లి అణెకట్టు 1990లలో వాడుకలోకి వచ్చింది. దాని నిండు మట్టం 44.28 అడుగులు, కాలువల కింద సుమారు 8,000 ఎకరాల సాగు. 1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ ఏర్పడిన తరువాత హోసూరు పల్లెతనం వీడింది. కర్మాగారాల కుటుంబాలకు సెలవునాడు పోవటానికి దగ్గరగా ఒక నీటి ఒడ్డు దొరికింది. ఏటి పక్కనున్న తొరపల్లి 1878 డిసెంబరు 10న రాజాజీ పుట్టిన ఊరు. ఆంధ్రులకు ఆయన పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ నాటి మద్రాసు ముఖ్యమంత్రిగా గుర్తు. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు స్మారకం. ఇల్లు, ఏరు, అణెకట్టు, హోసూరు కొండమీది చంద్రచూడేశ్వరుడు, కృష్ణగిరి కోట, అన్నీ కలిపి ఒక పూట తిరిగిరాదగిన చక్కని వరుస ఏర్పడి ఉండవలసింది.

ఈ రెండవ తరం సందర్శకుడికి మునక తప్పనిసరి కాదు. అతనికి నీటి విస్తీర్ణం చాలు, చల్లగాలి చాలు. కాని ఆ చల్లగాలికీ నీటి వాసనే ఆధారం. ఈ మాట తెలియటానికి మరి కొంతకాలం పట్టింది.

1974

ఏటి రంగు మారటానికి మూలం వెదుక్కుంటూ పోతే మనం వేరే నది దగ్గరికి చేరుతాం. అది కావేరి.

బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, ఏ పెద్దనదీ లేని గట్టుమీద కూర్చున్న నగరం. చెరువులతోనూ, ఆ తరువాత 19వ శతాబ్ది చివర కట్టిన హెసరఘట్ట, 1933 నాటి తిప్పగొండనహళ్ళి జలాశయాలతోనూ అది కాలం గడుపుకుంది. 1941లో నగర జనాభా నాలుగు లక్షలు. జనం పెరిగేకొద్దీ ఆ నీరు చాలక సుమారు 100 కి.మీ. దూరాన్నుంచి కావేరిని అర కిలోమీటరు ఎత్తు తోడి పోసే పథకం మొదలుపెట్టారు. దాని మొదటి దశ 1974లో పూర్తయింది. తరువాత ఒకదాని వెంట ఒకటి దశలు వచ్చాయి. అయిదవ దశను 2024 అక్టోబరులో ప్రారంభించారు. 2011 జనగణన నాటికి నగర జనాభా 84 లక్షలు దాటింది.

ఇంటికి వచ్చిన నీటిలో అధికభాగం వాడుకైన తరువాత బయటికి పోతుంది. ఎక్కడికి పోతుంది? నగరపు ఆగ్నేయభాగంలో కోరమంగళ, చల్లఘట్ట లోయ వెంబడి దిగి బెళ్ళందూరు చెరువులోకి, అక్కడినుంచి వర్తూరు చెరువులోకి, ఆపైన దక్షిణ పినాకినిలోకి. అంటే కావేరి పరీవాహకంలో తోడిన నీరు బెంగుళూరు వంటింట్లోంచి, స్నానాలగదిలోంచి, కర్మాగారంలోంచి పోయి మరో నదీ పరీవాహకంలో పడుతోంది. వానలు లేకపోతే ఎండవలసిన దక్షిణ పినాకిని వేసవిలో కూడా హోసూరు వైపు పారటానికి ముఖ్యకారణం ఇదే. ఏటికి నీరు పెరిగింది, తేట తగ్గింది. ఈ ప్రాంతపు జలచరిత్రనంతా కుదిస్తే ఈ ఒక్క వాక్యమే మిగులుతుంది.

మరొక సంగతి గమనార్హం. కావేరి నీరు బెంగుళూరు చేరిన ఆ 1974లోనే, మార్చినెలలో, భారత పార్లమెంటు చేసిన జలకాలుష్య నివారణ చట్టం అమలులోకి వచ్చింది. సమస్యా, దానికి మందూ ఒకే ఏడు పుట్టాయి. ఒకటి ఏటేటా పెరిగింది, రెండవది చాలాచోట్ల కాగితం మీద నిలిచింది.

నురగ

కంటికి కనిపించే మార్పు నురగ. బట్టలసబ్బు పొడుల్లో ఉండే రసాయనాలు నీటి తలతన్యతను తగ్గిస్తాయి. అవి పూర్తిగా విరగకుండా చెరువు అడుగు బురదలో పేరుకుంటాయి. తొలివానలకు ఆ బురద కదిలి, నీరు అలుగుమీదినుంచో, షట్టరులోంచో ఎత్తునుంచి దూకినప్పుడు గాలి కలిసి, కవ్వంతో చిలికినట్టు నురగ లేస్తుంది. మురుగులోని సూక్ష్మజీవులు, ఘనపదార్థాలు ఆ బుడగలు పగలకుండా గట్టిపరుస్తాయి. అందుకే వేసవిలో నల్లగా, మందంగా సాగే నీరు వానలు పడగానే తెల్లగా పొంగుతుంది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు బెళ్ళందూరు నురగను ఏళ్ళతరబడి పరిశీలించారు. పేరుకున్న మడ్డికీ, వానకూ ఉన్న ఈ సంబంధాన్ని వారు వివరించారు.

2015లో బెళ్ళందూరు చెరువు నురగకు మంట అంటుకున్న వార్త దేశమంతా విన్నది. 2017లోనూ, 2018లోనూ ఆ చెరువు ప్రాంతం మళ్ళీ తగలబడింది. నీరు మండటం ప్రళయకాలపు వర్ణన అనుకున్న జనం దానిని వార్తల్లో చూశారు. 2018 డిసెంబరులో జాతీయ హరిత ధర్మాసనం బెంగుళూరు చెరువుల విషయంలో కర్ణాటక ప్రభుత్వానికి 50 కోట్ల రూపాయల జరిమానా విధించింది. దిగువన ఉన్న కెలవరపల్లికి ఆ మంట చేరలేదు కాని నురగ చేరింది. గత పదేళ్ళలో ఎన్నోసార్లు అణెకట్టు షట్టర్లు ఎత్తినప్పుడల్లా మనిషెత్తు నురగ కాలువల్లో, పొలాలపక్కన కుప్పపడింది. 2024 అక్టోబరులో నందిమంగలం దగ్గర ఏటిని దాటే బాట మీదికి నురగ కమ్ముకుని రాకపోకలకు అడ్డం వచ్చింది.

ఇంకా దిగువన కృష్ణగిరి జలాశయంలో నురగ కన్నా పచ్చదనం ఎక్కువ. మురుగులోని భాస్వరం, నత్రజని నాచుకు ఎరువు. నిలవనీటిలో అది బలిసి, నీరు పచ్చబారి, చచ్చి కుళ్ళినప్పుడు దుర్వాసన కొడుతుంది. చల్లగాలికీ నీటి వాసనే ఆధారం అని ఇంతకుముందు అనుకున్న మాట ఇక్కడ రుజువవుతుంది. ఉద్యానం బాగానే ఉన్నా గాలి మళ్ళినప్పుడు కూర్చోబుద్ధి కాదు.

మూడవ సందర్శకుడు

ఈ దశలో ఏటి ఒడ్డుకు మూడవ రకం సందర్శకుడు వచ్చాడు. ఇతను మునగటానికి రాలేదు, చల్లగాలికీ రాలేదు. నురగను చూడటానికి వచ్చాడు. చేతిలోని ఫోనుతో రెండు బొమ్మలు తీసుకుంటాడు. దూరాన్నుంచి చూస్తే అది మంచుకొండలాగే ఉంటుంది. అధికారులు వచ్చి దాని దగ్గరికి పోవద్దనీ, ముట్టుకోవద్దనీ హెచ్చరిస్తారు. మునక నుంచి చూపుకు, చూపు నుంచి వింతకు, ఒక్క శతాబ్దిలో ఏటితో మనిషి సంబంధం ఇంతగా పలచబడింది.

ఈ మూడవవాడివల్ల ఒడ్డున ఎవరికీ పెద్ద రాబడి లేదు. అతను నిలవడు, తినడు. నల్లని నీటి పక్కన వేపిన చేపను చూస్తే అతనికి సందేహం కలుగుతుంది. ఆ చేప ఏ చెరువునుంచి వచ్చినదైనా సరే, అమ్మేవాడు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. తప్పు చేసినవాడు ఎగువన ఉన్నాడు, పేరు చెడినవాడు దిగువన ఉన్నాడు. పర్యాటకం దెబ్బతినే పద్ధతి ఇదే. అది ఒక్కరోజున ఆగిపోదు. ముందు స్నానం ఆగుతుంది, తరువాత తిండి ఆగుతుంది, ఆ తరువాత పూట గంటగా కుదించుకుపోతుంది. చివరికి ఊరిపేరు నురగకు పర్యాయపదంగా మిగులుతుంది.

నీళ్ళలో దిగాలన్న కోరిక మాత్రం పోలేదు. అది చోటు మార్చుకుంది. పక్క జిల్లా ధర్మపురిలోని హొగెనకల్ జలపాతం దగ్గర కావేరిలో జనం నూనె మర్దనం చేయించుకుని ధార కింద నిలుస్తారు, పుట్టి ఎక్కి విహరిస్తారు, చేపలకూర తింటారు. మునగనిచ్చే నీటి దగ్గర ఎన్ని బతుకులు అల్లుకుంటాయో చూడాలంటే అక్కడ చూడవచ్చు.

2013లో అదే హొగెనకల్ నుంచి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు తాగునీటి పథకం అమలయింది. భూగర్భజలంలో ఫ్లోరైడు అధికంగా ఉండటం దానికి ముఖ్యకారణం. ఫలితం చూడండి. గొట్టంలో వచ్చేది కావేరి. ఎదుట ఏటిలో పారేది, చాలావరకు, బెంగుళూరు వాడి విడిచిన కావేరి. ఇంటి ముందరి ఏటిది అనదగిన నీరు వానాకాలంలో తప్ప దక్కటం లేదు.

కొలతల రాజకీయం

మైసూరు, మద్రాసు ప్రభుత్వాల మధ్య 1892లో కుదిరిన ఒడంబడిక ఈ ప్రాంతపు నదీవివాదాలన్నింటికీ తాతముత్తాత. మద్రాసును ముందు అడగకుండా మైసూరువారు కొన్ని ఏళ్ళమీద కొత్త సాగునీటి కట్టడాలు కట్టరాదన్నది దాని సారం. అది నీరు ఎంత అన్న ప్రశ్నకు జవాబు. ఎటువంటి నీరు అన్న ప్రశ్న ఆనాడు ఎవరికీ తట్టవలసిన పని లేదు. 2018లో తమిళనాడు సుప్రీంకోర్టులో వేసిన దావా కూడా ప్రధానంగా పరిమాణం గురించే. ఈ ఏటికి ఉపనది అయిన మార్కండేయనది మీద కోలారు జిల్లా యరగోళు దగ్గర కర్ణాటక కట్టిన అణెకట్టు ఆ దావాలో ముఖ్యాంశం.

అదే 2018లో కర్ణాటక మరో పని మొదలుపెట్టింది. కోరమంగళ, చల్లఘట్ట లోయ మురుగును శుద్ధిచేసి ఎండిపోయిన కోలారు జిల్లా చెరువులకు తరలించటం. కొద్దివారాలకే కోలారు చెరువులో నురగ కనబడి, హైకోర్టు తాత్కాలికంగా ఆపివేయటం, ఆ తరువాత 2019లో సుప్రీంకోర్టు అనుమతితో నీరు మళ్ళీ పారటం జరిగింది. ఇక్కడ దిగువవారికి ఒక విచిత్రమైన సందిగ్ధం ఏర్పడుతుంది. ఆ మురుగు రాకపోతే వేసవిలో ఏరు ఎండుతుంది, వస్తే నల్లబడుతుంది. కెలవరపల్లి కాలువకింద రైతు వద్దనలేడు, తీర్థానికి వచ్చినవాడు కావాలనలేడు. రైతునూ యాత్రికుణ్ణీ ఒకే ఏటిదగ్గర ఎదురెదురుగా నిలబెట్టటం ఈ నీటి చేసిన మరో చేటు.

తేట కొలత ఇప్పుడు లేకపోలేదు. బహిరంగ స్నానానికి పనికివచ్చే నీరు ఎలా ఉండాలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. లీటరు నీటిలో కరిగిన ప్రాణవాయువు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి. జీవరసాయనిక ప్రాణవాయువు అవసరం 3 మిల్లీగ్రాములు మించరాదు. ఈ అంకెలను అణెకట్టు నీటిమట్టంతో పాటు ప్రతిరోజూ పత్రికల్లో ప్రకటిస్తే, 44 అడుగుల నీరు ఉందన్న వార్త పక్కనే అది ఎటువంటి నీరో కూడా జనానికి తెలుస్తుంది. కొలిచినదానికే లెక్క ఉంటుంది, లెక్క ఉన్నదానికే జవాబుదారీ ఉంటుంది.

ఇతర నదుల సాక్ష్యం

ఇది హోసూరుకే పట్టిన పీడ కాదు. హైదరాబాదు నగరం మంజీర, కృష్ణ, గోదావరి జలాలను తెచ్చుకుని తాగి, వాడిననీటిని మూసీలో వదులుతోంది. ఒకప్పుడు వేసవిలో ఎండే మూసీ నగరం దిగువన ఏడాది పొడుగునా పారుతూ, అక్కడక్కడా నురగలు కక్కుతోంది. నగరాలు ఒక నదిని తాగి మరొక నదిని పాడుచేయటం మనకాలపు సామాన్య లక్షణం.

బాగుపడిన ఉదాహరణలూ ఉన్నాయి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత కొత్తరకం సబ్బుపొడులు వచ్చినప్పుడు ఐరోపా నదుల్లోనూ నురగ కొండలు లేచాయి. పశ్చిమజర్మనీ 1961లో చట్టం చేసి, సూక్ష్మజీవులు విరవగలిగిన రసాయనాలనే సబ్బుల్లో వాడేటట్లు 1964 నుంచి నిర్బంధించింది. ఏటి దగ్గర కాక సబ్బు తయారయ్యేచోట చేసిన చికిత్స అది. పారిస్‌లో సేన్ నదిలో ఈతను 1923లో నిషేధించారు. మురుగును వేరుచేసే పనులకు పెద్దమొత్తం వెచ్చించాక 2025 వేసవిలో ప్రజలకు మళ్ళీ అనుమతించారు. మధ్య నూటరెండేళ్ళు గడిచాయి. తేట పోవటానికి ఒక తరం చాలు, రావటానికి నాలుగు తరాలు పట్టవచ్చు. కాని వస్తుంది.

ముగింపు

దక్షిణ పినాకిని కథను కన్నడిగులు తమిళుల నీరు చెడగొట్టిన కథగా చెప్పటం సులభం. హోసూరు సీమ తెలుగువారికి ఆ సౌలభ్యం లేదు. వారి బంధువులు ఎగువ బెంగుళూరులో ఉన్నారు, దిగువ కృష్ణగిరిలోనూ ఉన్నారు. బెంగుళూరులో లక్షలాది తెలుగు ఇళ్ళున్నాయి. కోరమంగళ, బెళ్ళందూరు ప్రాంతాల్లో చదువుకీ ఉద్యోగానికీ వచ్చి ఉంటున్నవారిలో ఈ పుటలు చదివేవారూ ఉంటారు. వారి బట్టలు ఉతికిన నీరు కొద్దిరోజులకు కొడియాళం దాటుతుంది. ఇది పరాయి ఏటి కథ కాదనటానికి కారణం అదే.

చరిత్ర విద్యార్థికి ఇక్కడ పని ఉంది. బేరిగై, బాగలూరు, తొరపల్లి ఊళ్ళలో ఈ ఏటిని మూడు దశల్లోనూ చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఏ ఏడు ఏటిలో ఈతకు దిగటం మానుకున్నారు, ఏ ఏడు పశువులు తాగటానికి వెనకాడాయి, ఏ ఏడు పెళ్ళివారు ఏటి నీళ్ళకు బదులు బోరునీళ్ళు తెచ్చుకున్నారు, అని అడిగి రాసుకుంటే అది ఏ జలవనరుల శాఖ దస్తరంలోనూ లేని పట్టిక అవుతుంది. అడిగేటప్పుడు చెలమ, మడుగు, కొత్తనీరు వంటి మాటలకు వారు ఏమేమి మాటలు వాడతారో కూడా గుర్తించాలి. నీరు చెడిన చోట ముందుగా అరిగిపోయేది ఆ మాటలే. భాషాపీఠాలు ఈ పట్టికను తయారుచేయగలిగితే, రేపు ఏటిని శుద్ధిచేయబూనినవారికి ఎంత తేట తిరిగి రావాలో చెప్పే కొలబద్ద దొరుకుతుంది.